రాయుడి కొడుకును కొన్నోడు

బలసముద్రం. హనుమంతరాయుడి ఇంటి అరుగు మీద పొద్దున ఎనిమిదిన్నర. రాయుడు కుర్చీలో ఉన్నాడు, భార్య తిప్పమ్మ గుమ్మంలో ఉంది. సోలార్ ప్లాంటులో కూలీల కాంట్రాక్టు చేసే బోరన్న, గుడ్డ కప్పిన పళ్లెం పట్టుకుని మెట్ల కింద నిలబడ్డాడు.

"అదంతా నాకొద్దురా బోరా. అడిగిందానికి జవాబు చెప్పు. నా కొడుకుని కొన్నింది నువ్వా, కాదా?"

"కొన్నేది అంటే... అట్ల కాదు సామీ. క్రికెట్ టీములోకి తీసుకొనేది."

"వేలం పాడినారా లేదా?"

"పాడినారు."

"యాడ?"

"పావగడలో సామీ. కల్యాణమంటపంలో."

"సుత్తి కొట్టినారా?"

"కొట్టినారు. ఓబులేశు కొట్టినాడు, మన లీగు సెక్రెటరీ."

"సంతలో పొట్టేలికి గూడా సుత్తి కొట్టరు గదరా. తువ్వాల కింద వేళ్లు పట్టుకొని బేరం చేస్తారు. మూగజీవానికే ఆ మాత్రం మానం మిగిలిస్తారు. నా కొడుకుని మైకు పెట్టి పాడినారు."

"అందర్నీ అట్లనే పాడినారు సామీ. నూట అరవై మంది పిల్లోల్లు. పేర్లు ఇచ్చుకొన్నింది వాల్లే. ధనుంజయ గూడా ఫారం నింపి, ఫోటో అంటించి..."

"ధనుంజయ అంటావా? మీ నాయన చిక్కన్న వాన్ని ఉయ్యాల్లో ఉన్నప్పుడే చిన్నసామీ అనేటోడు."

"సరే సామీ. చిన్నసామి గూడా ఫారం నింపినాడు."

"కూర్చో బోరన్నా. వచ్చినప్పట్నుంచి నిలబడే ఉన్నావు. కాఫీ తెస్తా."

"వద్దమ్మా. చెప్పిపోదామని వచ్చినా అంతే."

"కూర్చోమంటాన్నా కదప్పా."

"వాన్ని కూర్చోబెట్టేకి నీకేందే అంత తొందర? సరే, కూర్చోరా, ఆ మెట్టు మీద కూర్చో. కాఫీ పేపర్ కప్పులో తే."

"పేపర్ కప్పులు అయిపోయినాయి."

"నిన్న కదా కట్ట తెచ్చినా."

"అయిపోయినాయి అంటే అయిపోయినాయి. ఇదో, లోటాలో తెచ్చినా. తాగు బోరన్నా."

"చూడు, నా ఇంట్లో నా మాటకి ఎంత వెల ఉండాదో. తాగరా, తాగు. తాగి చెప్పు. ఎంతకి కొన్నావు?"

"దుడ్డు కాదు సామీ. పాయింట్లు."

"పాయింట్లంటే?"

"ఒక్కో టీముకి లీగోల్లు లచ్చ పాయింట్లు ఇస్తారు. దాంట్లోనే పదహైదు మందిని తీసుకోవల్ల. ఆటగానికి షూసు, బట్టలు, ఆడినన్ని దినాలు తిండి, అవి ఓనరు చూసుకోవల్ల."

"అంటే దుడ్డు గూడా గాదు. చింతపిక్కలకి కొన్నెట్ల."

"ఆట కదా సామీ."

"ఆటకేనారా కల్యాణమంటపం, మైకు, సుత్తి? ఎన్ని పాయింట్లు?"

"ఇప్పుడు అదెందుకు..."

"ఎన్ని?"

"రెండు వేలు."

"లచ్చలో రెండు వేలా? ఆ బేకరీ ఆంజనేయ కొడుకుని ఎంతకి పాడినారు?"

"వాడు బౌలింగు వేస్తాడు సామీ. స్పీడు ఉండాది వానికి."

"ఎంత?"

"పద్దెనిమిది వేలు."

"బన్నులు కాల్చేటోని కొడుకు పద్దెనిమిది. ఎనభై ఎకరాలు ఏలిన ఇంటి కొడుకు రెండు. ఇంటాన్నావా తిప్పమ్మా? ఇది నీ కొడుకు వెల."

"ఇంటాన్నా."

"రెండు వేలనేది మొదులు రేటు సామీ. అందరికీ అదే. పైన ఎవురన్నా పాడితేనే పెరుగుతాది."

"నీ పైన ఎవురూ పాడలేదా?"

"అది బువ్వల టైము సామీ. అందరూ చిత్రాన్నం కాడికి పోయినారు."

"ఓనర్లు గూడానా?"

"కొంతమంది..."

"ఓనర్లు. ఆ మాట నా నోట్లోకి వస్తేనే పుక్కిలించుకోవల్లనిపిస్తాది. ఎవుర్రా ఓనర్లు? ఒగడు బోరు లారీ, ఒగడు బేకరీ, ఒగడు ఫైనాన్సు, ఒగడు చికెను అంగడి. నువ్వేమో సోలార్ అద్దాలు కడిగే కాంట్రాక్టు. నాకు తెలీదా ఈ లీగు పుట్టుక? మొదటేడు నాలుగూర్ల ఆకతాయిలు, రబ్బరు బాలు, గెలిచినోనికి పొట్టేలు. ఆ యేడే నయం, గెలిచినోల్లు కోసుకొని తినన్నా తినిరి. రెండో యేడు షామియానా వచ్చె. మూడో యేడు రంగు చొక్కాలు వచ్చె. ఇప్పుడు డ్రోను. తాగే నీళ్లకి ట్యాంకరు కోసం కొట్టుకు చస్తాంటే, ఆడే పిచ్ మీద చల్లేకి ట్యాంకరు వస్తాది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత."

"జనాలు వస్తాన్నారు సామీ. పోయినేడు ఫైనలుకి మడకశిర నుంచి గూడా వచ్చినారు. బెంగళూరులో పని చేసే మన పిల్లోల్లు యూట్యూబులో చూస్తాన్నారు."

"జనాలు కోతులాటకి గూడా వస్తారు. నీ టీము పేరేంది?"

"సోలార్ వారియర్స్."

"వారియర్సు అంటే?"

"యుద్ధం చేసేటోల్లు సామీ."

"నిడుగల్లు కోట మీద ఒకప్పుడు యుద్ధం చేసినోల్లు ఉండిరంట. మీరేం చేస్తారు? కట్టెకి గుడ్డ చుట్టి అద్దాల మీద కాకి రెట్ట తుడుస్తారు. రెట్ట తుడిచేటోడు వారియరా?"

"ఆ అద్దాలు నీ భూమిలోనే ఉండాయి సామీ."

"ఉంటే?"

"ఏం లేదు. మాటకి చెప్పినా."

"నా భూమిలో అద్దాలు కడిగి నాలుగు కాసులు చూసినావు, ఇప్పుడు నా కొడుకు కావల్సి వచ్చినాడు. ఆ పళ్లెంలో ఏంది? వచ్చినప్పట్నుంచి పసిబిడ్డను పట్టుకొన్నెట్ల పట్టుకొన్నావు."

"చిన్నసామికి సామీ. ఆదివారం మొదటి మ్యాచి కదా."

"గుడ్డ తియ్యి."

"అమ్మ చేతికి ఇచ్చిపోతాలే సామీ."

"తియ్యరా."

"షూసు. టీము చొక్కా, ప్యాంటు. చలికి స్వెట్టరు ఒగటి. ఆకూవక్క, టెంకాయ."

"ఏమయ్యా? ఏమట్ల చూస్తాన్నావు?"

"తిప్పమ్మా, నీకు తెలీదు. నువ్వు ఈ ఇంటికొచ్చే పొద్దుకి మా నాయన మంచం పట్టినాడు. రేయ్ బోరా, ఇది నీకు ఎవురు చెప్పినారు?"

"ఏది సామీ?"

"ఉగాది పొద్దు మీ నాయన ఈ మెట్టు కాడనే నిలబడుకొంటాండె. మా నాయన పళ్లెంలో పెట్టి ఇచ్చేటోడు. కొత్త చెప్పుల జత, పంచె, కంబళి, ఆకూవక్క. అది తీసుకొంటే మల్లా ఉగాది దాకా వాడు మా జీతగాడు. పిలిస్తే రావల్ల, కొడితే పడల్ల. చెప్పులకి షూసు, పంచెకి ప్యాంటు, కంబళికి స్వెట్టరు. ఒక్కటి మరిచిపోలేదు నువ్వు. నా కొడుకుని జీతానికి పెట్టుకొనేకి వచ్చినావా?"

"దేవుని సాచ్చిగా నాకు తెలీదు సామీ. నాకు మూడేండ్లప్పుడే అది నిలిచిపోయిండాది. మాయమ్మ చెప్పినాది."

"గుండమ్మా? ఏం చెప్పినాది ఆ ముసిల్ది?"

"ఒగరింటి బిడ్డను మన కాడికి తెచ్చుకొనేటప్పుడు ఒట్టి చేతుల్తో పోకూడదప్పా, అనింది. మీ నాయన్ని తీసకపోయేకి పెద్దరాయుడు ఇవే ఇచ్చినాడు, పెద్దిండ్లోల్ల మర్యాద అట్లుంటాది, నువ్వు గూడా అట్లనే చెయ్యి, అనింది. పళ్లెం గూడా తనే తోమిచ్చినాది."

"మర్యాద అనిందా?"

"అట్లనే అనుకొన్యాది సామీ ఇన్నేండ్లూ."

"అది మర్యాద కాదు. అది వేరే."

"ఏం వేరే సామీ?"

"వేరే అంటే వేరే. నోరు మూసుకో."

"ఆ కంబళి గుండమ్మ ఇప్పటికీ కప్పుకుంటాదయ్యా. నేను చూసినా."

"నిన్నెవురూ అడగలా. ఆ పళ్లెం వాపసు తీసకపో. వాన్ని గూడా వాపసు ఇచ్చెయ్యి."

"ఎవుర్ని?"

"నా కొడుకుని రా. నీ రెండు వేల చింతపిక్కలు నువ్వు తీసుకో, నా కొడుకుని వదిలెయ్."

"సుత్తి పడినంక వదిలేకి రూలు లేదు సామీ."

"నాకు రూలు చెప్తావా? రెండేండ్ల కింద పశువులు మేసే గోమాళంలో ఏం జరిగిందో మరిచిపోయినావా? కాలనీ పిల్లోల్లు ఏసిన బాలు కొట్టి నా కొడుకు పరిగెత్తాంటే, నేను నడుముకి తువ్వాల కట్టుకొని నడిమిట్లోకి పోయినా. మూడు స్టంపులూ పీకినా. వాన్ని కాలరు పట్టుకొని ఇంటిదాకా ఈడ్చుకొచ్చినా. నువ్వూ ఉన్న్యావు ఆ పొద్దు."

"ఉన్న్యా సామీ."

"ఒక్కడన్నా నోరు తెరిచినాడా?"

"తెరవల్యా."

"అట్లుండల్ల. రూలంటే అది."

"ఆ పొద్దు చిన్నసామి నలభై రెండు మీద ఉన్న్యాడు."

"ఏంది?"

"నలభై రెండు రన్నులు సామీ. ఇంగా మూడు ఓవర్లు ఉండె. యాభై అయిపోతాండె."

"అది నువ్వు గుర్తు పెట్టుకొన్నావా?"

"స్కోరు రాసింది నేనే."

"కాలేజీ అయిపోయి మూడేండ్లు, వాడు మాత్రం ఏం చెయ్యల్లరా? భూమి అంతా అద్దాల కింద పాయె. శెనక్కాయ ఎత్తేదీ లేదు, బోరు ఏసేదీ లేదు. పొద్దున్నే లేచి ఫోను, రాత్రికి ఫోను. పెద్దరాయుని మనవడు వాడు. వాన్ని ఎట్ల కాపాడుకోవల్లనో నాకు తెలుసు. నీ మాదిరోడు వచ్చి నేర్పించాల్సిన పని లేదు."

"నువ్వు కాపాడిన్నాళ్లూ వాడు ఆ గదిలోంచి బయటికి రాలేదయ్యా. నిన్న సాయంత్రం నుంచి చూడు. తెల్లారకముందే లేచి రోడ్డెమ్మట పరిగెత్తినాడు. నాలుగు దోసెలు తిన్యాడు. ఇప్పుడు ఏడికి పోయినాడు అనుకొన్యావు? పావగడకి. టోపీ కొనుక్కునేకి. అమ్మా నువ్వు గూడా రావల్ల ఆదివారం అన్యాడు."

"నువ్వు పోతావా?"

"పోతా."

"ఈ ఇంటి ఆడది కాలనీ జనాల మధ్య నిలబడి ఈలలు ఏస్తాది. బాగుంది. ఇంగ నేను చెప్పేది ఇద్దరూ ఇనండి. వాడు ఆడితే ఆడనీ. ఆడొద్దని నేననను, సరేనా. ఆడేది మనోని టీములో ఆడల్ల. నారప్ప ఉండాడు కదా, బోరు లారీ. మా పిన్నమ్మ కొడుకు. వాని టీముకి మార్చు."

"నారప్పన్న టీముకా?"

"ఏం? జాగా లేదా వాని కాడ?"

"ఉండె సామీ. రెండు జాగాలు మిగిలిండె ఆయనకి."

"మల్ల? సొంత అన్న కొడుకు పేరు పిలిస్తే వాడెందుకు పాడలేదు?"

"వాల్లకి బౌలర్లు కావల్లంట."

"అబద్దం."

"చిత్రాన్నం కాడికి పోయినట్లుండాడు సామీ."

"ఇదీ అబద్దమే. నీకు అబద్దం చెప్పేది గూడా చేతకాదురా, మీ నాయన మాదిరే. నువ్వేదో మాయ చేసినావు. ఓబులేశుకి ఏదో పెట్టినావు. మనోల్లంతా బయటికి పోయిన టైము చూసి నా కొడుకు పేరు పిలిపిచ్చినావు. పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగినట్ల. రేపు ఊరూరా తిరిగి చెప్పుకొంటావు కదా, రాయుడి కొడుకుని చిక్కన్న కొడుకు కొన్నాడని. దానికే కదా ఈ లీగు, ఈ చొక్కాలు, ఈ యవ్వారమంతా?"

"నేను ఎవురికీ చెప్పలా సామీ."

"చెప్పకపోతే మరి ఎందుకు కొన్నావు? వాడు ఆడతాడనా? నీ టీముకి వాడు కావల్లనా? చెప్పరా."

"కావల్ల సామీ. బాగా ఆడతాడు."

"నా మొకం చూసి చెప్పు. తిప్పమ్మ మొకం చూస్తావేంది?"

"ఏం లేదు సామీ. నేను పోతా. చొక్కా సైజు సరిపోకపోతే ఫోన్ చెయ్యమనండి."

"కూర్చో. తిప్పమ్మా, నా ఫోన్ తే. నారప్పకి చేస్తా. స్పీకర్లో పెడతా. ఈని బండారం ఈనెదురుగానే బయట పెడతా."

"చెయ్యొద్దయ్యా."

"ఫోన్ ఇట్లియ్యి."

"నారప్ప యాడికీ పోలేదు. ముందు వరసలోనే కూర్చోనుండె. వాడు చెయ్యెత్తలేదు."

"నీకెట్ల తెలుసు?"

"చూసినా. యూట్యూబులో. నిన్న పొద్దున పది నుంచి చూస్తానే ఉన్న్యా."

"అమ్మా, వద్దమ్మా. ఎందుకిప్పుడు."

"ఉండు బోరన్నా. వచ్చినప్పట్నుంచి నీకు తిట్లు తినిపిస్తానే ఉన్న్యా, నా నోరు పడిపోయినట్ల. వానిది నూట పన్నెండో పేరయ్యా. నీలం చొక్కా ఫోటో ఏసినారు, నేను ఇస్త్రీ చేసిన చొక్కా. ఓబులేశు రెండు వేలు అన్యాడు. ఎవురూ ఎత్తల్యా. మల్లా అన్యాడు. ఆంజనేయ ఫోను చూసుకుంటాన్యాడు. నారప్ప తల దించుకొన్యాడు. ఎనక నుంచి ఎవుడో అన్యాడు, వాన్ని తీసుకొంటే వాల్ల నాయన వచ్చి స్టంపులు పీకుతాడని. మంటపమంతా నవ్వినారు."

"ఎవుడు వాడు?"

"ఎవుడైతే ఏంది? మైకులో గూడా పడింది. ఓబులేశు గూడా నవ్వినాడు. నా కొడుకు గోడ కాడ నిలబడి, వాల్లతో పాటే నవ్వినాడయ్యా. ఏం చెయ్యల్లనో తెలీక నవ్వినాడు. సుత్తి పక్కన పెట్టి, బువ్వ తిన్నంక మిగిలినోల్ని ఇంగొకసారి పిలుస్తాం అన్యారు. వాడు బువ్వ తినలా. ఆ గోడ కాడనే నిలబడిండె. కెమెరా తిరిగినప్పుడల్లా కనపడతాండె. ఏమయ్యా, నీళ్లు తాగు."

"నాకేం వద్దు. బోరా."

"సామీ."

"వాల్లంతా నవ్వినప్పుడు నువ్వు నవ్వినావా?"

"లేదు సామీ."

"మొదటిసారి పిలిచినప్పుడు నువ్వు గూడా చెయ్యెత్తలేదు కదా."

"ఎత్తల్యా. నాకు ఒగే జాగా మిగిలిండె. కీపరు కోసం పెట్టుకొన్యా."

"కీపరు దొరికినాడా?"

"లేదు సామీ. ఆ జాగా చిన్నసామికి పాయె."

"అంటే నీ టీముకి కీపరే లేడు. నా కొడుకు వద్దనుకొన్నోనివి, బువ్వ తిని వచ్చేలోగా మనసు మార్చుకొన్నావు. జాలి పడినావా? రాయుని కొడుక్కి నువ్వు జాలి పడినావా? లేకుంటే మీ నాయన చాకిరీకి ఇట్ల బదులు తీర్చుకొన్నావా? ఏదో ఒగటి చెప్పు. ఎవురి కోసం ఎత్తినావురా ఆ చెయ్యి?"

"అది నేను చెప్పేది కాదు సామీ."

"ఇంగెవురు చెప్తారు?"

"నేను చెప్తా. బువ్వల టైములో నేనే బోరన్నకి ఫోన్ చేసినా. ఇదే అరుగు మీద కూర్చొని, నువ్వు లోపల నిద్రపోతాంటే, నా కొడుకుని కొనుక్కో నాయనా అని అడుక్కొన్యా."